టికెట్టు కలిపితే పన్ను ఎంతకు పడినట్టు?

పంటి వైద్యం: పాఠకుల ప్రశ్నలకు విజయవాడ దంతవైద్యురాలి జవాబులు

సంక్రాంతి ఇంకా రెండు నెలలుందనగానే సూర్యారావుపేటలోని మా క్లినిక్ ఫోను అర్ధరాత్రి కూడా మోగుతుంది. అవతల అమెరికాలో అది మధ్యాహ్నం మరి. ఈసారి పత్రికకు వచ్చిన ఉత్తరాలు కూడా అవే. విమానం టికెట్టుకూ పంటికీ ముడిపెట్టని ఉత్తరం దాదాపు లేదు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ధరలు నేను చూస్తున్న క్లినిక్కుల్లో నడుస్తున్నవి. మీ వీధిలో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తోంది. కింద ఎడమవైపు దవడ పన్ను నిరుడు తీసేశారు. అక్కడ ఇంప్లాంట్ పెట్టి పైన క్యాప్ వెయ్యడానికి 4,800 డాలర్లు చెప్పారట. కుడివైపు ఇంకో పన్నుకు రూట్ కెనాల్, క్యాప్ కలిపి 2,900. ఇన్సూరెన్స్ వాళ్లు ఏడాది మొత్తానికి 1,500 డాలర్లకు మించి ఇవ్వరట. "సంక్రాంతికి మూడు వారాలు వస్తానమ్మా, అన్నీ గుంటూరులోనే చేయించేసుకుంటా" అంటోంది. మా ఆయన వద్దంటున్నారు. మూడు వారాల్లో అయ్యే పనేనా? నిజంగా డబ్బు మిగులుతుందా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెప్పిన పనుల్లో ఒకటి మూడు వారాల్లో హాయిగా అయిపోతుంది. రెండోది అవదు. ఇద్దరి మాటా సగం సగం నిజమే కాబట్టి ఇంట్లో గొడవ పడకండి.

ముందు అవని దాని సంగతి. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో దించే టైటానియం స్క్రూ. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ప్రొఫెసరు మొదటిసారి ఒక మనిషి దవడలో దీన్ని పెట్టారు. అప్పుడు ఆయన పెట్టుకున్న నియమం, కింది దవడకైతే మూడు నెలలు, పై దవడకైతే ఆరు నెలలు స్క్రూని కదపకుండా వదిలెయ్యాలని. ఎముక దాని చుట్టూ పెరిగి పట్టుకోవాలి కదా. ఇప్పటి స్క్రూలతో, ఎముక గట్టిగా ఉన్నవాళ్లకి రెండు నెలలకే క్యాప్ వేస్తున్నాం. మూడు వారాలు మాత్రం సాధారణంగా చాలవు. కొందరికి అదే రోజు తాత్కాలికంగా పన్ను పెట్టే మాట నిజమే గానీ, అది ఎక్కువగా ముందు పళ్లకు, చూడ్డానికి. జంతికలు నమిలే దవడ పన్నుకు నేనైతే ఆ సాహసం చెయ్యను. కాబట్టి స్క్రూకి ఒక రాక, క్యాప్‌కి ఇంకో రాక. లెక్కంతా ఇక్కడే మారిపోతుంది.

డాలరుకు 90 రూపాయలు వేసుకుందాం. అక్కడ మొత్తం 7,700 డాలర్లు. ఇన్సూరెన్స్ ఇచ్చే 1,500 తీసేస్తే అమ్మాయి చేతి నుంచి పోయేది 6,200 డాలర్లు, అంటే 5,58,000 రూపాయలు. ఇక్కడ మధ్యరకం లెక్కలో ఇంప్లాంట్, దాని మీద క్యాప్ 45 వేలు, రూట్ కెనాల్ 6 వేలు, జిర్కోనియా క్యాప్ 10 వేలు, స్కాన్ 3 వేలు. మొత్తం 64 వేలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసే, మీ అమ్మాయి టికెట్టు బుక్ చేసేస్తానంటోంది.

మరి టికెట్టో? పండగ రోజుల్లో రానూ పోనూ లక్షా ముప్ఫై వేలు అనుకుందాం. ఒక్కతే రెండుసార్లు వస్తే 2,60,000. అప్పుడు మొత్తం ఖర్చు 3,24,000. రెండు లక్షల ముప్ఫై నాలుగు వేలు మిగులుతుంది. అందులోంచి జీతం లేని సెలవులుంటే అవి తీసెయ్యండి. అదే అల్లుడుగారు, ఒక బిడ్డ కూడా రెండుసార్లూ వెంట వచ్చారనుకోండి, టికెట్లే 7,80,000 అవుతాయి. డల్లాస్‌లో చేయించుకున్నదానికంటే రెండు లక్షల ఎనభై ఆరు వేలు ఎక్కువ పెట్టి గుంటూరులో పన్ను కట్టించుకున్నట్టు. మీ ఆయన మనసులో ఉన్నది ఈ లెక్కే అయ్యుండాలి.

ఇంకో దారి ఉంది. ఎటూ మీ కోసం, పండగ కోసం ఏటా వచ్చే అమ్మాయే అయితే టికెట్టు పంటి ఖాతాలో రాయక్కర్లేదు. ఈ సంక్రాంతికి స్క్రూ, వచ్చే సంక్రాంతికి క్యాప్. ఎముక ఏడాది ఆగినా ఏమీ అనదు. అలాగైతే దాదాపు ఐదు లక్షలు మిగిలినట్టే. వచ్చే ఏడాది రాక ఖాయమో కాదో తెలియనప్పుడు మాత్రం స్క్రూ మొదలుపెట్టొద్దనే చెబుతాను. వీసా స్టాంపింగ్ మిగిలి ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. కాన్సులేట్‌లో తేదీ దొరక్క ఇక్కడ ఆగిపోతే పోయే డబ్బు ముందు పంటి మీద మిగిలేది ఏపాటిది?

రూట్ కెనాల్, క్యాప్ మాత్రం ఈ రాకలోనే నిశ్చింతగా చేయించండి. వారం, పది రోజుల పని. షరతు ఒక్కటే, దిగిన రెండో రోజే క్లినిక్‌లో ఉండాలి. మన అమ్మాయిలు ఏం చేస్తారంటే, చుట్టాల ఇళ్లు, తిరుపతి, పట్టుచీరల షాపింగ్, అన్నీ అయ్యాక ఎల్లుండి ఫ్లైటు అనగా నోరు తెరుస్తారు. క్యాప్ తయారుచేసే ల్యాబులు భోగి నుంచి కనుమ దాకా మూసేస్తారు. ఆ మూడు రోజులూ మీ క్యాలెండర్‌లోంచి కొట్టేసి లెక్కేసుకోండి. క్యాప్ పెట్టాక కూడా కొరుకుడు ఎత్తుగా తగులుతోందేమో చూసి అరగదియ్యడానికి రెండు మూడు రోజులు చేతిలో ఉండాలి. ఎత్తుగా ఉన్న క్యాప్‌తో విమానం ఎక్కిన మనిషి డల్లాస్‌లో దిగి, అది సరిచేయించుకోవడానికి డాలర్లలో ఫీజు కట్టాలి. ఇంకో మాట: ఆ పన్ను ఇప్పుడే నొప్పి, వాపు పెడుతుంటే సంక్రాంతి కోసం దాచుకోవద్దని చెప్పండి. ఇన్సూరెన్స్ డబ్బులున్నాయిగా, అక్కడే చేయించుకోమనండి.

అసలు అక్కడే తక్కువలో చేయించుకునే మార్గాలు కూడా అమ్మాయి చూసినట్టు లేదు. చాలా ఇన్సూరెన్సులకు ఆ 1,500 పరిమితి జనవరిలో మళ్లీ కొత్తగా మొదలవుతుంది. రూట్ కెనాల్ డిసెంబరులో, ఇంప్లాంట్ పని జనవరి తర్వాత పెట్టుకుంటే రెండేళ్ల డబ్బూ కలిసొస్తుంది. కాకపోతే ఇన్సూరెన్స్ తీసుకోకముందే ఊడిన పంటికి ఇవ్వం అనే షరతు కొన్నిటిలో ఉంటుంది, అది చదువుకోమనండి. డల్లాస్‌లోనే టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ డెంటల్ స్కూలు ఉంది. అలాంటి చోట్ల ప్రొఫెసర్లు పక్కన నిలబడి చూస్తుండగా విద్యార్థులు వైద్యం చేస్తారు. ప్రైవేటు క్లినిక్ కంటే తక్కువ పడుతుంది, టైము ఎక్కువ పడుతుంది. ఇక్కడికి రెండుసార్లు రావడానికి ఓపిక ఉన్న మనిషికి ఆ ఓపిక ఒక లెక్కా?

స్క్రూ ఇక్కడే పెట్టించాలని నిర్ణయించుకుంటే ఒక్క పని మర్చిపోవద్దు. ప్రతి ఇంప్లాంట్ డబ్బా మీద ఊడదీసి అంటించుకునే చిన్న స్టిక్కర్ ఉంటుంది. కంపెనీ పేరు, స్క్రూ లావు, పొడవు, లాట్ నంబర్ అందులో ఉంటాయి. ఒకటి డాక్టరు ఫైలులో అంటిస్తారు, రెండోది మీరు అడిగి తీసుకోవాలి. ఎందుకో చెబుతాను. దుబాయ్‌లో ఉండే ఒకాయన ఇంప్లాంట్ మీద క్యాప్ కదులుతోందని మా దగ్గరికి వచ్చారు. లోపలి బుల్లి స్క్రూ వదులైంది, బిగిస్తే పది నిమిషాల పని. కానీ ఒక్కో కంపెనీ స్క్రూ తలకి ఒక్కో ఆకారం గాడి. ఎక్కడో, ఎప్పుడో పెట్టించుకున్నారు, పేరు తెలియదు, కాగితం లేదు. ఎక్స్‌రే చూసి ఊహిస్తూ మా దగ్గరున్న స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే పెట్టి చూశాం. ఏదీ కూర్చోలేదు. బలవంతంగా తిప్పితే గాడి అరిగి ఇక ఎవరికీ పనికిరాదు. ఆ రోజుకి ఆయన్ని ఉత్త చేతులతో పంపాల్సి వచ్చింది. స్ట్రామన్, నోబెల్ బయోకేర్, ఆస్టెమ్ లాంటి అమెరికాలోనూ దొరికే కంపెనీది అయితే డల్లాస్ డాక్టరు కూడా బిగించగలరు. నాలుగైదు వేలు తక్కువని ఊరూ పేరూ లేనిది పెట్టించుకుంటే ఆ స్క్రూ కోసం జీవితాంతం గుంటూరు రావాలి.

ప్రశ్న: నేను కువైట్‌లో డ్రైవర్‌ని. వయసు 52. షుగర్ ఉంది, సిగరెట్ అలవాటు ఉంది. పైపళ్లన్నీ చిగుళ్లు వదిలేసి ఊగుతున్నాయి. 40 రోజుల సెలవు మీద వచ్చాను. "మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్లు" అని బోర్డు చూసి వెళ్తే పైదవడకు మూడున్నర లక్షలు అన్నారు. అప్పు చేసైనా పెట్టించుకోనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తమ్ముడూ, అప్పు మాత్రం చెయ్యొద్దు. మూడు రోజుల పళ్లు అబద్ధమేమీ కాదు. నాలుగో ఆరో స్క్రూలు దించి, వాటన్నిటికీ కలిపి ఒక పళ్లవరుస బిగించే పద్ధతి ఉంది. ఆల్ ఆన్ ఫోర్ అంటారు. పోర్చుగల్ డాక్టరు పాలో మాలో దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. అయితే ఆ పద్ధతిలో మొదట బిగించేవి సాధారణంగా తాత్కాలికం పళ్లు. ఎముక కుదురుకున్నాక కొన్ని నెలలకు అసలు వరుస వేస్తారు. ఆ బోర్డు పెట్టినవాళ్లని మీరు అడగాల్సింది ఇదే: ఈ మూడున్నర లక్షల్లో రెండో వరుస ఖరీదు ఉందా, దానికోసం నేను మళ్లీ ఎప్పుడు రావాలి, మధ్యలో ఒక స్క్రూ వదులైతే కువైట్‌లో ఎవరు చూస్తారు? సమాధానం కాగితం మీద రాసిమ్మనండి. నోటిమాట వద్దు.

మీ విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. పళ్లు ఊగేదాకా తెచ్చినవి షుగరూ సిగరెట్టూ అయితే, స్క్రూల చుట్టూ ఉన్న ఎముకని కూడా అవే తింటాయి. మూడు నెలల సగటు చూపించే షుగర్ పరీక్ష చేయించుకోండి. అది అదుపులో లేకుండా ఇంప్లాంట్ మాటెత్తే డాక్టరు దగ్గర కూర్చోవద్దు.

40 రోజులున్నాయి. ఊగే పళ్లు తీయించి, మామూలు కట్టుడు పళ్లు పెట్టించుకోండి. తీసిన వెంటనే పెట్టే సెట్టు కొన్ని నెలలకు చిగురు తగ్గి వదులవుతుంది, వచ్చే సెలవుల్లో లోపల పూత వేయించుకుంటే మళ్లీ పట్టేస్తుంది. విజయవాడ గవర్నమెంటు డెంటల్ కాలేజీకి గానీ, గుంటూరు దగ్గర తక్కెళ్లపాడులోని సిబార్ డెంటల్ కాలేజీకి గానీ వెళ్లండి. ప్రైవేటు క్లినిక్‌లో అయ్యేదానిలో కొద్ది భాగంతో అయిపోతుంది. ఉదయమే వెళ్లి ఓపీ చీటీ తీసుకోవాలి, నాలుగైదుసార్లు తిరగాలి. మీకు సెలవుంది కాబట్టి తిరగగలరు. సిగరెట్ మానేసి, షుగర్ అదుపులోకి తెచ్చుకుని, రెండేళ్ల తర్వాత ఇంప్లాంట్ కావాలంటే అప్పుడు రాయండి.

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఆరు నెలలకి న్యూజెర్సీలో అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. పై దవడ పన్ను ఒకటి చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది. గుండెకి స్టెంట్ పడింది, రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్ వాడుతున్నాను. "ఇన్సూరెన్స్ తీసుకుంటాం నాన్నా, అవసరమైతే ఇక్కడ చూపిద్దాం" అంటున్నాడు మా అబ్బాయి. అప్పటిదాకా ఆగొచ్చా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సార్, మీ అబ్బాయి ప్రేమకి వంక పెట్టను గానీ, ఆ ఇన్సూరెన్స్ కాగితాలు మీరే ఒకసారి చదవండి. బ్యాంకులో ఇంతకంటే చిన్న అక్షరాలు చదివుంటారు. వెళ్లేవాళ్లకిచ్చే ఇన్సూరెన్సుల్లో పంటికి కేటాయించే మొత్తం చాలా తక్కువ. అది కూడా అకస్మాత్తుగా వచ్చిన నొప్పికి, దెబ్బకి. ఇక్కడ ఉన్నప్పుడే జివ్వుమంటున్న పన్ను వాళ్ల లెక్కలో పాత జబ్బు. మొదటి ఉత్తరంలో చూశారుగా, అక్కడ ఒక్క రూట్ కెనాల్, క్యాప్ 2,900 డాలర్లు.

ప్రయాణానికి రెండు నెలల ముందే చూపించుకోండి. వారం ముందు కాదు. సగం చేసిన రూట్ కెనాల్‌తో, తాత్కాలికం ఫిల్లింగ్‌తో విమానం ఎక్కకూడదు. పైకి వెళ్లాక గాలి ఒత్తిడి మారి, లోపల చీము ఉన్న పన్నూ కారుతున్న ఫిల్లింగూ ఒక్కోసారి భరించలేని నొప్పి పెడతాయి. పద్దెనిమిది గంటల ప్రయాణంలో ఆ నొప్పి పగవాడికి కూడా వద్దు.

ఎకోస్ప్రిన్ సంగతి: పన్ను తియ్యాల్సి వస్తే చాలామంది వాళ్లంతట వాళ్లే నాలుగు రోజుల ముందు ఆపేసి వస్తారు. స్టెంట్ ఉన్నవాళ్లు అలా ఎప్పుడూ చెయ్యకండి. మామూలుగా పన్ను తియ్యడానికి దాన్ని ఆపక్కర్లేదు, రక్తం ఆగేలా మేం చూసుకుంటాం. ఏదైనా మీ గుండె డాక్టరుతో మాట్లాడాకే. మందుల చీటీ ఇంగ్లిష్‌లో టైపు చేయించి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. అక్కడ యాంటీబయాటిక్స్ మన మెడికల్ షాపులో అడిగినట్టు అడిగితే ఇవ్వరు.

ప్రశ్న: వయసు 27. మాఘమాసంలో నా పెళ్లి. ముందు పళ్లు కొంచెం వంకర, పసుపు. ఇస్తాంబుల్ వెళ్లి ఐదు రోజుల్లో ఇరవై పళ్లూ తెల్లగా చేయించుకున్నవాళ్ల రీల్స్ చూస్తున్నాను. హనీమూన్ అక్కడే పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుందా?
– ఒక పెళ్లికొడుకు, బెంజ్ సర్కిల్ దగ్గర

జవాబు: నాయనా, ఆ రీల్‌లో మధ్యలో ఒక్క సెకను కనిపించే బొమ్మ ఆపి చూడు. చుట్టూ అరగదీసి మొనతేలిన మొద్దులు కనిపిస్తాయి. అవి ఆ కుర్రాడి సొంత పళ్లు, నిన్నటిదాకా బాగున్నవే. వాటి మీద తెల్ల క్యాప్‌లు తొడిగారు. క్యాప్‌లు పదేళ్లో పదిహేనేళ్లో వస్తాయి. ఇరవై ఏడేళ్లకి మొదలుపెట్టావంటే జన్మలో ఇరవై పళ్లకీ రెండు మూడుసార్లు మళ్లీ వేయించాలి, మధ్యలో కొన్నింటికి రూట్ కెనాల్ తప్పదు. అంతగా అరగదీస్తే లోపలి నరం ఊరుకోదు. పసుపు పోవడానికి క్లీనింగ్, బ్లీచింగ్ విజయవాడలోనే రెండు మూడు సిట్టింగుల పని. వంకరకి క్లిప్పులో, తీసి పెట్టుకునే పారదర్శక తొడుగుల్లాంటి అలైనర్లో పెట్టుకో. పెళ్లికి పూర్తవకపోయినా మునిగిపోయేదేం లేదు, అలైనర్లు ఫొటోల టైముకి తీసి జేబులో పెట్టుకోవచ్చు. హనీమూన్‌కి ఇస్తాంబుల్ నిక్షేపంగా వెళ్లు, పళ్లు చూపించకుండా రా.

ప్రశ్న: మా అల్లుడు ఇక్కడ ఇంప్లాంట్ చేయించుకుని వెళ్లాడు. ఆ బిల్లు వాళ్ల ఇన్సూరెన్స్ వాళ్లు తిప్పి పంపారట. "సరైన బిల్లు మళ్లీ రాయించి పంపండి మామయ్యా" అన్నాడు. ఏం రాయించాలి?
– ఒక మామగారు, మంగళగిరి

జవాబు: ముందుగా, విదేశంలో చేయించుకున్న వైద్యానికి వాళ్ల పాలసీ డబ్బులిస్తుందో లేదో అల్లుడుగారిని ఫోన్ చేసి కనుక్కోమనండి. చాలా పాలసీలు అత్యవసరానికి తప్ప ఇవ్వవు. ఇవ్వకపోయినా ఆయనకి హెచ్‌ఎస్‌ఏ అనే, ఆదాయపు పన్ను పడని ఆరోగ్య ఖాతా ఉంటే, అందులోంచి ఇక్కడి పంటి వైద్యం ఖర్చు తీసుకోవచ్చు. దానికీ బిల్లు దాచుకోవాల్సిందే. విమానం టికెట్టు మాత్రం అందులో రాయొద్దనండి. పండక్కి వచ్చి పన్ను చూపించుకున్నవాడి టికెట్టు వైద్యం ఖర్చు కాదు.

ఇక బిల్లు. "పంటి వైద్యం – 45,000, చెల్లించబడినది" అని ఒకే ముక్క రాసిన రసీదు ఎందుకూ పనికిరాదు. ఏ రోజు ఏ పని చేశారో, దేనికెంతో విడివిడిగా ఉండాలి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, క్లినిక్ చిరునామా, సంతకం ఉండాలి. పని ముందు, తర్వాత తీసిన ఎక్స్‌రేలు జతచెయ్యాలి. అమెరికా వాళ్లకి ప్రతి పనికీ ఒక కోడు ఉంటుంది. ఇంప్లాంట్ స్క్రూ పెట్టడానికి డి6010, దవడ పంటి రూట్ కెనాల్‌కి డి3330, పింగాణీ రకం క్యాప్‌కి డి2740. అడిగితే మన డాక్టర్లు రాసిస్తారు.

మీ అల్లుడిది తిప్పి పంపడానికి కారణం ఇదేనేమో కూడా చూడండి: పంటి నంబరు. మనం ఇక్కడ నోటిని నాలుగు భాగాలు చేసి, ముందు భాగం అంకె, పక్కన ఆ భాగంలో పంటి వరస అంకె వేసి లెక్కపెడతాం. కింద ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్ను మనకి 36. అమెరికాలో పై కుడి జ్ఞానదంతం దగ్గర మొదలుపెట్టి వరసగా 1 నుంచి 32 దాకా లెక్కపెడతారు. వాళ్ల నోట్లో 36వ పన్నే లేదు. ఆ గుమాస్తా బిల్లు చూసి తప్పుల తడక అనుకుని పక్కన పడేస్తాడు. మీరు క్లినిక్‌కి వెళ్లినప్పుడు 36 అని ఉన్నచోట పక్కనే అమెరికా లెక్కలో 19 అని కూడా రాయించి, ముద్ర వేయించి పంపండి.